రైస్ మిల్లు గేటు దగ్గర లారీల క్యూ: జీపీఎస్ఎస్‌లో మోడల్ కట్టే పద్ధతి

ధాన్యం సీజన్‌లో గేటు బయట లారీలు బారులు తీరగానే మిల్లులో వినపడే మాటలు రెండు. ఇంకో కాటా పెడదామని ఒకరు, ఇంకో హమాలీ ముఠాను దింపుదామని మరొకరు. రెండిట్లో ఏది పనిచేస్తుందో డబ్బు పెట్టకముందే కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్యూలను కంప్యూటర్‌లో నడిపి చూపే జీపీఎస్ఎస్ అనే సిమ్యులేషన్ భాషలో ఇరవై చిల్లర లైన్ల మోడల్, నాలుగైదు రోజుల కొలతలు ఉంటే చాలు.

ఉదాహరణకు ఒక యార్డు తీసుకుందాం. పని వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు, అంటే 600 నిమిషాలు. సగటున 12 నిమిషాలకో లారీ వస్తుంది. కాటా ఒక్కటే. లోడు తూకానికి 4 నిమిషాలు, ఖాళీ బండి తూకానికి 3 నిమిషాలు. ముఠాలు మూడు. 40 కిలోల బస్తాలు 250, అంటే 10 టన్నులు దింపడానికి ఒక ముఠాకు సగటున 30 నిమిషాలు. ఇవి లెక్క చూపించడానికి తీసుకున్న అంకెలు. మీ యార్డు అంకెలు మీరే కొలవాలి.

కంప్యూటర్ తెరిచే ముందు

కాగితం మీద లారీ ప్రయాణాన్ని గేటు నుంచి గేటు దాకా రాయండి. ఒక్కో చోట రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఇక్కడ లారీ దేనికోసం ఆగింది? ఆగినంతసేపూ దేన్ని పట్టుకుని ఉంది? మోడలింగ్‌లో అసలు పని ఇదే, మిగతాదంతా టైపింగ్. తూకం అయిన లారీ యార్డులో చోటు లేక కాటా మీదే నిలబడిపోతుందా, లేక ముందుకు జరిగి పక్కన ఆగుతుందా? దింపడం అయిన ఖాళీ బండి కాటా కోసం ఎదురుచూస్తూ దింపే చోటును ఆక్రమించి ఉంటుందా? వీటికి జవాబు ఆఫీసు గదిలో దొరకదు. గేటు గుమాస్తాను, ముఠా మేస్త్రిని అడగండి.

తర్వాత చేతి లెక్క. ఒక్కో లారీ కాటాను రెండుసార్లు వాడుతుంది కాబట్టి 4, 3 కలిపి 7 నిమిషాలు. ప్రతి 12 నిమిషాల్లో 7 నిమిషాలంటే కాటా 58 శాతం పనిలో ఉంటుంది. లోడు తూకాన్ని మాత్రమే లెక్కేసి 33 శాతం అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఇక ముఠాలు: 30ని 12తో భాగిస్తే 2.5, ఉన్నవి 3, అంటే 83 శాతం. బిగుసుకున్నది దింపుడు దగ్గరేనని ఇప్పటికే తెలిసిపోయింది. మోడల్ దీనికి విరుద్ధంగా చెబితే ముందు మోడల్‌ను అనుమానించండి.

కొలతలు: కాటా చీటీని ఎంతవరకు నమ్మాలి

కాటా చీటీ మీద లోడు తూకం టైం, ఖాళీ తూకం టైం ఉంటాయి. ఆ రెండిటి తేడానే దింపే సమయమని రాసేసుకుంటారు చాలామంది. ఆ తేడాలో ముఠా కోసం ఆగిన సమయం, దింపిన సమయం, మళ్లీ కాటా కోసం ఆగిన సమయం మూడూ ఉన్నాయి. దాన్ని దింపే సమయంగా మోడల్‌కిస్తే క్యూను రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. మోడల్‌లో గేటు బయట కొండవీటి చాంతాడంత వరుస కనిపిస్తుంది.

రాకల విషయంలోనూ ఇదే చిక్కు. చీటీ మీద ఉన్నది లారీ కాటా ఎక్కిన టైం, గేటుకు వచ్చిన టైం కాదు. క్యూ ఉన్న రోజున చీటీల మధ్య తేడా కాటా ఎంత వేగంగా పనిచేస్తోందో చెబుతుందే తప్ప లారీలు ఎలా వస్తున్నాయో చెప్పదు. అందుకే గేటు దగ్గర ఒక మనిషి వాచీతో కూర్చోక తప్పదు. బండి నంబరు, వచ్చిన టైం, ముఠా మొదటి బస్తా ఎత్తిన టైం, చివరి బస్తా దించిన టైం, ఈ నాలుగూ రాస్తే చాలు. కనీసం నాలుగైదు రోజులు రాయించండి. అందులో ఒకటి బాగా రద్దీ రోజై ఉండాలి. దింపే సమయాలు వంద దాటితే వాటి ఆకారం తెలుస్తుంది.

ఆ ఆకారాన్ని గీసి చూడండి. రెండు గుట్టలు కనిపిస్తే ట్రాక్టర్ ట్రాలీలు, లారీలు కలిసిపోయాయన్నమాట. రెండిటికీ కలిపి సగటు తీస్తే ఏ బండికీ వర్తించని అంకె వస్తుంది. వాటిని విడదీసి రెండు రకాల రాకలుగా పెట్టాలి.

ఏ భాష?

సిమ్యులేషన్ భాషలకు పరిశ్రమలతో పాత సంబంధం ఉంది. 1950ల చివర్లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో యునైటెడ్ స్టీల్ కంపెనీల కోసం టోకర్ అనే ఆయన ‘జనరల్ సిమ్యులేషన్ ప్రోగ్రామ్’ రాశారు. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ జీపీఎస్ఎస్ తెచ్చారు. అమెరికాలోని రాండ్ సంస్థలో సిమ్‌స్క్రిప్ట్ అనే సిమ్యులేషన్ భాష వెనుక ఉన్న హ్యారీ మార్కోవిట్జ్‌కు 1990లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అదీ షేర్ల పోర్ట్‌ఫోలియో సిద్ధాంతానికి. ఓస్లోలో నైగార్డ్, దాల్ కట్టిన సిములా భాష నుంచే నేటి ప్రోగ్రామర్లు వాడే క్లాసులు, ఆబ్జెక్టులు వచ్చాయి.

క్యూలు, యంత్రాలు, మనుషులు ఉన్న యార్డుకు ఇప్పటికీ జీపీఎస్ఎస్ చక్కగా సరిపోతుంది. లారీ నడిచే వరుసలోనే బ్లాకులు, అంటే ఒక్కో పనికి ఒక్కో లైను, రాసుకుంటూ పోవచ్చు. మోడల్‌లో గడియారం నిమిషం నిమిషం నడవదు. ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దూకుతుంది. అందుకే పది గంటల రోజు రెప్పపాటులో అయిపోతుంది. బాయిలర్ ఉష్ణోగ్రత, ట్యాంకు మట్టం లాంటి నిరంతరం మారే వాటికి మాత్రం ఈ దూకుడు పద్ధతి సరిపోదు. వాటికి అవకలన సమీకరణాలు సాధించే పనిముట్లు వేరే ఉన్నాయి.

మోడల్ రాయడం

కింది బ్లాకులు జీపీఎస్ఎస్ వరల్డ్ అనే వెర్షన్ తీరులో ఉన్నాయి. ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం, మెషిన్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. కాలానికి కొలమానం నిమిషం.

హమాలీ స్టోరేజ్ 3
జనరేట్ (ఎక్స్‌పొనెన్షియల్(1,0,12))
క్యూ గేటు
సీజ్ కాటా
డిపార్ట్ గేటు
అడ్వాన్స్ 4,1
రిలీజ్ కాటా
క్యూ దింపుడు
ఎంటర్ హమాలీ
డిపార్ట్ దింపుడు
అడ్వాన్స్ 30,10
లీవ్ హమాలీ
క్యూ ఖాళీ
సీజ్ కాటా
డిపార్ట్ ఖాళీ
అడ్వాన్స్ 3,1
రిలీజ్ కాటా
టెర్మినేట్

జనరేట్ 600
టెర్మినేట్ 1

దీన్ని స్టార్ట్ 1 అని నడపాలి. జనరేట్ లారీని పుట్టిస్తుంది, అడ్వాన్స్ సమయం గడుపుతుంది, టెర్మినేట్ బయటికి పంపేస్తుంది. స్టోరేజ్ 3 అంటే మూడు ముఠాలున్నాయని. ఎక్స్‌పొనెన్షియల్ అంటే సగటు 12 నిమిషాలే అయినా లారీలు ఒకసారి వెంటవెంటనే, ఒకసారి చాలాసేపటికి, ముందే చెప్పలేనట్టు వచ్చే తీరు. చివరి రెండు లైన్లు 600 నిమిషాలకు రోజును ముగించే టైమర్. ఒక్కటే ఉన్నదానికి, అంటే కాటాకు, సీజ్-రిలీజ్ వాడతాం. ఒకటికంటే ఎక్కువ ఉన్న ముఠాలకు ఎంటర్-లీవ్. క్యూ, డిపార్ట్ బ్లాకులు లారీని ఆపవు, లెక్క రాస్తాయంతే. ఆపేవి సీజ్, ఎంటర్. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి అనుకుని క్యూ బ్లాకు పెట్టకపోతే క్యూ ఏర్పడదనుకుంటారు. ఏర్పడుతుంది, రిపోర్టులో కనపడదు.

అడ్వాన్స్ 30,10 అంటే 20 నుంచి 40 దాకా ఏ విలువైనా సమాన అవకాశంతో వస్తుందని. ఆ 10 ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) కాదు. చివర్లో రెండు టెర్మినేట్‌లను గమనించండి: లారీ దారిలో ఉన్నదానికి అంకె లేదు, టైమర్‌దానికి 1 ఉంది. అలవాటుగా లారీ టెర్మినేట్‌కూ 1 పెడితే మొదటి లారీ బయటికి వెళ్లగానే సిమ్యులేషన్ ముగుస్తుంది. రిపోర్టు మాత్రం శుభ్రంగానే వస్తుంది. అందులో గడియారం 600 చూపిస్తోందా లేదా అని మొట్టమొదట చూడాల్సింది ఇందుకే. పాత జీపీఎస్ఎస్‌లలో గడియారం పూర్ణాంకాల్లోనే నడిచేది. అలాంటిది మీ చేతికి వస్తే నిమిషాలు వదిలి సెకన్లలో రాయండి.

తెలిసిన జవాబుతో సరిచూడటం

మీ యార్డు సంగతి తర్వాత. జవాబు ముందే తెలిసిన లెక్కను మోడల్ చేత చేయించండి. ఒకే కాటా, ఎక్స్‌పొనెన్షియల్ రాకలు సగటు 12 నిమిషాలు, ఎక్స్‌పొనెన్షియల్ సేవ, అంటే తూకానికి పట్టే సమయం, సగటు 9 నిమిషాలు. క్యూ సూత్రం ప్రకారం సగటు నిరీక్షణ సరిగ్గా 27 నిమిషాలు, క్యూలో సగటున 2.25 లారీలు. సేవను మార్పులేని 9 నిమిషాలు చేస్తే నిరీక్షణ సగమై 13.5కు దిగాలి.

ఇక్కడ తొందరపడితే మంచి మోడల్‌ను చెడ్డదనుకునే ప్రమాదం ఉంది. పది వేల లారీలు నడిపినా 27 బదులు 22 రావచ్చు, 32 రావచ్చు. క్యూలో ఒక లారీ ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆలస్యమవుతాయి కాబట్టి పది వేల విలువలున్నా అవి పది వేల విడి విడి సాక్ష్యాలు కావు. లక్ష లారీలు నడిపితే రెండు నిమిషాల అటూఇటూలోకి వస్తుంది.

తర్వాత ముఠాలు. 12 నిమిషాలకో లారీ, 30 నిమిషాల ఎక్స్‌పొనెన్షియల్ సేవ, 3 ముఠాలు: సూత్రం చెప్పే సగటు నిరీక్షణ 42 నిమిషాలు. నాలుగు ముఠాలకు 6.4 నిమిషాలు. మోడల్ ఇవి చూపిస్తే దాన్ని నమ్మి ముందుకు సాగండి. పైన రాసిన 30,10 విలువలకు ఒడిదుడుకులు తక్కువ కాబట్టి మూడు ముఠాల దగ్గర నిరీక్షణ ఆ 42లో సగం దాకా పడిపోతుంది.

అసలు రోజును మోడల్‌లోకి తేవడం

సూత్రాలకు తెల్లారడం, భోజనం, చీకటిపడటం తెలియవు. యార్డులో కథ నడిపేవి అవే.

రాత్రే వచ్చి గేటు ముందు పడుకున్న లారీలు 6 ఉన్నాయనుకోండి. జనరేట్ ,,,6 అని ఇంకో బ్లాకు పెట్టి (మూడో స్థానం మొదలయ్యే టైం, నాలుగోది ఎన్ని అని), కింద ట్రాన్స్‌ఫర్‌తో వాటిని గేటు క్యూకు పంపండి. మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా ముఠాల భోజనానికి విడిగా నాలుగైదు లైన్లు చాలు: జనరేట్ ,,300,1, తర్వాత సునవెయిల్ హమాలీ (ముఠాలను ఆపేది), అడ్వాన్స్ 60, సవెయిల్ హమాలీ (మళ్లీ తెరిచేది), టెర్మినేట్. దింపుడు మొదలైన లారీ ఈ గంటలోనూ పూర్తవుతుంది, కొత్తది మాత్రం మొదలవదు. మేస్త్రిని అడిగితే యార్డులో జరిగేదీ అదేనంటాడు.

ఇప్పుడు మళ్లీ చేతి లెక్క. 50 పగటివి, 6 రాత్రివి, మొత్తం 56 లారీలు. 30 నిమిషాల చొప్పున 1,680 ముఠా-నిమిషాలు కావాలి. మూడు ముఠాల దగ్గర భోజనం పోగా ఉన్నది 1,620. అంటే ఒక్క లారీ కూడా ఆలస్యంగా రాకపోయినా, ఏ ముఠా ఒక్క నిమిషం ఖాళీగా లేకపోయినా పని 6 గంటలకు తెమలదు. 83 శాతమనుకున్న సౌకర్యం కాస్తా ఆవిరైపోయింది. అదే కాటాకు 56 సార్లు 7, అంటే 392 నిమిషాలు, ఉన్నవి 600. రెండో కాటా మీద పెట్టే డబ్బు గేటు బయట వరుసను తగ్గించదు.

సాయంత్రం 6కు టైమర్‌తో మోడల్‌ను టక్కున ఆపేస్తే ఇంకో తప్పు దొర్లుతుంది. అప్పటికి క్యూలో ఉన్న లారీలు అప్పటిదాకా ఆగినంతే లెక్కలోకి వస్తాయి, ఇంకా ఆగబోయేది రాదు. రద్దీ రోజున సగటు తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి 6 తర్వాత రాకలు ఆపి, లోపలున్నవన్నీ బయటికి వెళ్లేదాకా నడపండి. పగటి రాకల జనరేట్ కింద టెస్ట్ ఎల్ఈ ఏసీ1,600, అంటే గడియారం 600 దాటలేదా అనే పరీక్ష, పెట్టి, దాటిన లారీలను నేరుగా వేరే టెర్మినేట్‌కు మళ్లించాలి. గేటు క్యూ బ్లాకుకు ఒక లేబుల్, లారీ చివరి టెర్మినేట్‌కు ఒక లేబుల్ ఇచ్చి, టైమర్‌ను జనరేట్ ,,600,1 చేసి, దాని కింద ఆ రెండు లేబుళ్ల లెక్కలు సమానమయ్యేదాకా ఆగే టెస్ట్ ఈ బ్లాకు రాయాలి. ఆ తర్వాతే టెర్మినేట్ 1.

ముడిపడిపోయే యార్డు

యార్డులో 8 బండ్లకే చోటుందనుకుందాం. యార్డు స్టోరేజ్ 8 అని చేరుస్తారు. ఎక్కడ ఎంటర్ చేయించాలి? సహజంగా తోచేది ఇది: కాటా సీజ్, తూకం, యార్డు ఎంటర్, ఆ తర్వాత కాటా రిలీజ్. బయటికి వెళ్లేటప్పుడు కాటా సీజ్ చేశాక యార్డు లీవ్. యార్డు నిండినప్పుడు ఏమవుతుందో చూడండి. లోడు లారీ కాటా మీద నిలబడి యార్డులో చోటు అడుగుతోంది. లోపల ఖాళీ అయిన బండి యార్డులో చోటు పట్టుకుని కాటా అడుగుతోంది. ఇద్దరిలో ఒకరు వదిలితేనే రెండోవారు కదలాలి, ఎవరూ వదలరు. నిజం యార్డులో అయితే లోడు లారీని వెనక్కి తీయించి, డ్రైవర్లు నాలుగు మాటలనుకుని సర్దుకుంటారు. మోడల్‌కు ఆ తెలివి లేదు.

టైమర్ ఉంటే ఎర్రర్ కూడా రాదు, రోజు ముగిసి రిపోర్టు వచ్చేస్తుంది. దొంగను పట్టించేవి రెండు అంకెలు: కాటా వాడకం దాదాపు 1.000, ఒక్కో వాడకానికి సగటు సమయం 4 నిమిషాల బదులు పదుల నిమిషాలు. ఖాళీ అయ్యేదాకా ఆగే టెస్ట్ పెట్టి ఉంటే ఆ పరుగు అసలు సరిగా ముగియదు, అదొక మేలు.

మందు బ్లాకుల వరుస మార్చడమే. యార్డు ఎంటర్‌ను కాటా సీజ్ కంటే ముందుకు తెండి. అంటే లోపల చోటు ఉంటేనే గేటు తీయాలన్న నియమం. కాటా మీదున్న లారీ ఇక చోటు కోసం ఆగదు, ముడి పడదు. ఖాళీ బండ్లకు ముందు తూకం వేస్తే యార్డు త్వరగా విడుదలవుతుందేమో చూడాలంటే క్యూ ఖాళీ బ్లాకుకు ముందు ప్రయారిటీ 1 అని ఒక్క లైను చాలు. గేటు మనిషికి చెప్పే మాట, మోడల్‌లో రాసే లైను ఒకటే కావడం ఈ భాషలో ముచ్చటైన విషయం.

ఒక్క రోజు నడిపి తీర్పు చెప్పకండి

ఒక పరుగు ఒక రోజు మాత్రమే. స్టార్ట్ 1 తర్వాత క్లియర్, మళ్లీ స్టార్ట్ 1, ఇలా కనీసం పది రోజులు నడపండి. క్లియర్ లారీలను, లెక్కలను తుడిచేస్తుంది గానీ ర్యాండమ్ నంబర్లను మొదటికి తీసుకుపోదు కాబట్టి ప్రతి రోజూ కొత్త రోజే. రీసెట్ వేరు: లెక్కలు మాత్రమే సున్నా అవుతాయి, లారీలు ఉన్నచోటే ఉంటాయి. అది ఇరవైనాలుగు గంటలూ నడిచే ప్లాంటులో మొదటి కొన్ని గంటల అంకెలు పక్కనబెట్టడానికి. రోజూ తెరిచి మూసే యార్డుకు దాని పని లేదు.

పది రోజుల సగటు 38 నిమిషాలు, ప్రామాణిక విచలనం 9 వచ్చిందనుకోండి. 9ని 10 వర్గమూలంతో భాగించి, పది పరుగులకు టీ-పట్టికలో ఉండే 2.262తో గుణిస్తే 6.4. అంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది 32 నుంచి 44 మధ్య ఎక్కడో అని. తేడాను 3 నిమిషాలకు దించాలంటే పదికి బదులు 46 రోజులు నడపాలి.

మూడు ముఠాలను నాలుగుతో పోల్చేటప్పుడు రెండిటికీ అవే లారీలు, అవే టైములకు రావాలి. లేకపోతే ముఠా వల్ల వచ్చిన తేడా ఎంతో, అదృష్టం వల్ల వచ్చింది ఎంతో విడదీయలేరు. రాకలకు 1, తూకానికి 2, దింపుడుకు 3 అని స్ట్రీములు, అంటే ర్యాండమ్ నంబర్ల వరుసలు, విడగొట్టి, ఆర్‌మల్ట్ కమాండ్‌తో రెండు మోడళ్లకూ ఒకే విత్తనాలు (ఆ వరుసలు మొదలయ్యే అంకెలు) ఇవ్వండి. అడ్వాన్స్ 30,10 అని రాస్తే ఏ స్ట్రీమో ఆ లైనులో చెప్పలేరు, యూనిఫాం(3,20,40) అని రాయండి. దాన్ని కూడా దింపే చోట పిలవకండి. లారీ పుట్టగానే అసైన్ బ్లాకుతో దాని పారామీటర్‌లో, అంటే లారీ వెంట ఉండే సొంత అంకెలో, దాచి, దింపే చోట అడ్వాన్స్ దాన్ని చదివేలా చేయండి. ముఠాలు పెరిగితే లారీల వరుస మారుతుంది, అప్పటికప్పుడు తీసిన సమయం వేరే లారీకి పోతుంది. ఇక రోజుకు రోజు తేడా తీసి, ఆ తేడాల సగటు, విచలనం లెక్కకట్టండి.

రిపోర్టులో సగటు టైం పక్కనే సున్నా నిరీక్షణలు మినహాయించిన సగటు ఇంకోటి ఉంటుంది. లారీ ఓనర్లు వాదించేది రెండోదానితో, మిల్లు చెప్పుకునేది మొదటిదానితో. ఏది ఇస్తున్నారో రాసి ఇవ్వండి.

పైథాన్ అలవాటున్నవారు సింపై అనే పైథాన్ సిమ్యులేషన్ లైబ్రరీలో ఇదే మోడల్ కట్టొచ్చు. కాటా ఒక రిసోర్స్, ముఠాలు సామర్థ్యం 3 ఉన్న రిసోర్స్, అడ్వాన్స్ బదులు టైమౌట్. అక్కడ పడే గుంట ఈల్డ్ అనే మాట: టైమౌట్ ముందు దాన్ని మరిచిపోతే ఎర్రర్ రాదు, ఆ పనికి సున్నా సమయం పడుతుంది. తూకాలు మెరుపులా అయిపోతున్నాయంటే ముందు అదే వెతకండి.

నాలుగో ముఠాను రోజంతా పెట్టడానికి ఒక ఇబ్బంది ఉంది. హమాలీలకు కూలి బస్తా లెక్కన. 56 లారీలు ముగ్గురికి పంచితే ముఠాకు 18, 19 లారీలు, నలుగురికైతే 14. మేస్త్రి ఒప్పుకోడు. అందుకే మధ్యాహ్నం దాకా నాలుగు, ఆ తర్వాత మూడు అనే పద్ధతినీ నడిపి చూడండి. హమాలీ స్టోరేజ్‌ను 4 చేసి, జనరేట్ ,,300,1,1 తర్వాత ఎంటర్ హమాలీ, టెర్మినేట్ అని రాయండి. అది లారీ కాదు, ఇంటికి వెళ్లే ముఠా. చివరి 1 ప్రయారిటీ, లారీలకంటే ముందు దానికే చోటు దొరకడానికి. లీవ్ లేకుండానే టెర్మినేట్ అయింది కాబట్టి ఆ చోటు రోజు చివరి దాకా మూసుకునే ఉంటుంది. భోజనం ఆపు కూడా 300కే మొదలవుతుంది గనుక ఈ ఎంటర్ 360 దాకా ఆగవచ్చు, ఆ గంటలో ఎలాగూ కొత్త లారీ ఎక్కదు. ముఠాల వాడకం శాతంలో మాత్రం ఈ వెళ్లిపోయిన ముఠా కూడా పనిలో ఉన్నట్టే కనిపిస్తుంది, దాన్ని తీసేసి చదవండి.